ఉచిత అంతర్జాలము: పంచాయతీ అడుగవలసిన మూడు ప్రశ్నలు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ఒక విశ్రాంత విస్తరణాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటి తరగతి ముగిసిన పిమ్మట భోజనముల వేళ ఒక సభ్యురాలు నా వద్దకు వచ్చి, "అయ్యా, మా ఊరికి ఇంటర్నెట్టు ఊరికే ఇస్తారట గదా, అర్జీ ఎవరికి పెట్టుకోవాలండీ?" అని అడిగిరి. ఆమె ప్రక్కనున్న యువ సర్పంచి, "ఊరి పేర ఒక బ్లాగు కూడా పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చునని మా పిల్లలు చెబుతున్నారు, నిజమేనా?" అని తన సందేహమును జతపరచిరి. నేటి ప్రసంగమునకు నేను వ్రాసికొని వచ్చిన విషయము వేరొకటి. దానిని ప్రక్కన బెట్టి, వీరిరువురి ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే మీకు ఎక్కువ ఉపకరించునని తలచితిని.

రెండు ప్రశ్నలకును క్లుప్తమైన సమాధానము "అవును" అనియే. అంతర్జాలము గ్రామమునకు ఉచితముగనో, స్వల్ప వ్యయముతోనో వచ్చు మార్గములు కలవు. గ్రామము పేర ఒక పుటను ఉచితముగా నెలకొల్పుకొను వసతియు కలదు. ఉచితమైన దానిని కోరుటలో చిన్నతనము లేదు. పంచాయతీ సొమ్ము ప్రజల సొమ్ము; దానిలో ఒక రూపాయి మిగిల్చినను మేలే. కాని ఉచితముగా వచ్చు ప్రతి వస్తువు వెనుకను ఎవరో ఒకరు వ్యయమును భరించుచునే యుందురు. కావున పంచాయతీ మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీని వ్యయమును భరించువారెవరు? వారికిందు గల ప్రయోజనమేమి? రేపు వారు మానుకొన్నచో మన చేతిలో మిగులునదేమి?

రేడియో పెట్టె నేర్పిన పాఠము

నా బాల్యమున మా ఊరి చావడిలో పంచాయతీ రేడియో యుండెడిది. ప్రభుత్వము సమకూర్చిన పెట్టె అది. సాయంకాలము పొలము పనుల నుండి మరలివచ్చినవారు వ్యవసాయ కార్యక్రమమును వినుటకు అరుగుపై చేరెడివారు. ఒక ఏట వర్షకాలమున దాని బ్యాటరీ పనిచేయుట మానెను. క్రొత్త బ్యాటరీకి సొమ్ము ఎవరీయవలెనను చర్చ మూడు సమావేశములు సాగినది. నాలుగవ సమావేశము నాటికి ఆ ప్రస్తావనయే లేదు. తరువాత ఆ పెట్టెపై లాంతరు నుంచుకొనిరి.

పెట్టె ఉచితముగనే వచ్చినది. బ్యాటరీని గూర్చి ఎవరును ముందుగా ఆలోచింపలేదు. ఇల్లు అలుకగనే పండుగ కాదని పెద్దలందురు. నేడు అంతర్జాలము విషయమునను అనేక గ్రామములలో జరుగుచున్నది ఇదియే.

పంచాయతీ వరకు వచ్చిన తీగ

మొదట అంతర్జాలము ఊరికి వచ్చు దారిని చూతము. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము దేశములోని దాదాపు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ అను సన్నని గాజు తీగను చేర్చు పథకమునకు ఆమోదమొసగినది. 2015 నుండి దానిని భారత్‌నెట్ అని పిలుచుచున్నారు. 2023 ఆగస్టులో దీనిని సంస్కరించి, 1,39,579 కోట్ల రూపాయల వ్యయముతో విస్తరింప నిర్ణయించిరి.

ఇది ఎవరి సొమ్ము? టెలిఫోను కంపెనీలు తమ రాబడిలో నూటికి 5 వంతులు సార్వత్రిక సేవా నిధికి చెల్లించవలెనను నియమము కలదు. ఈ తీగ మొదట ఆ నిధితోనే పడినది. కంపెనీల రాబడి అనగా మీరును నేనును సెల్‌ఫోనునకు చెల్లించు సొమ్మే. ఊరిలో కూలికి పోవు మనిషి చేయించుకొను రీఛార్జిలోను ఈ తీగకు భాగమున్నది. కనుక భారత్‌నెట్ మనకెవరో దయతో ఇచ్చినది కాదు. మనము చెల్లించినదే మనకు మరల వచ్చుచున్నది. అది పనిచేయకున్నచో అడుగుట మీ హక్కు. అడుగకుండుట మీ లోపము.

మొదట మండల కేంద్రము వంటి చోట్ల నుండి పంచాయతీలకు తీగను కొమ్మలవలె విడదీసి వేసిరి. దారిలో ఒకచోట రోడ్డుపని జరిగి తీగ తెగినచో, ఆవలనున్న ఊళ్ళన్నియు మూగవోయెడివి. 2023 నాటి సంస్కరణలో తీగను వలయాకారముగా కలుపవలెనని నిర్ణయించిరి. ఒకచోట తెగినను, సమాచారము రెండవ వైపునుండి తిరిగి వచ్చును. కాలువకు ఒకే తూము గాక రెండు తూములున్న చేనివలె నన్నమాట. ఆంధ్రప్రదేశములో రాష్ట్ర ప్రభుత్వ సంస్థయైన ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభముల మీదుగా తీగలను లాగి గ్రామములకు చేర్చినది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ దానిని జాతికి అంకితము చేసిరి. తెలంగాణమునను టి-ఫైబర్ పేర ఇట్టి ప్రయత్నమే జరిగినది.

మీరు ఊరికి వెళ్ళిన వెంటనే చేయవలసిన పని యొకటి కలదు. పంచాయతీ కార్యాలయమునకు గాని, తీగ చేరిన పాఠశాలకు గాని వెళ్ళుడు. గోడకు బిగించిన పెట్టె యున్నదా? దాని దీపములు వెలుగుచున్నవా? కరెంటు పోయినపుడు దానిని నడిపించు బ్యాటరీ పనిచేయుచున్నదా? గది తాళపుచెవి ఎవరి వద్ద నున్నది? చెడిపోయినచో ఎవరికి ఫిర్యాదు చేయవలెనో గోడపై వ్రాసియున్నదా? ఫిర్యాదు చేసిన తేదీ, సంఖ్య, బాగుచేసిన తేదీ ఒక పుస్తకములో వ్రాయుచున్నారా? ఈ ప్రశ్నలకు జవాబులు లేని చోట, క్రొత్త అర్జీ పెట్టుట కంటె ఉన్న పెట్టెను మేల్కొలుపుట మేలు.

వీధి మొగలో వైఫై

తీగ పంచాయతీ వరకు వచ్చినను, ఊరివారందరు కార్యాలయమునకు రాలేరు. దానిని వీధికి చేర్చుటకు 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గము పి.యం.-వాణి అను పద్ధతికి ఆమోదమిచ్చినది. పూర్వము ఎస్.టి.డి. బూతులుండెడివి గదా! కిరాణాకొట్టు యజమాని ఒక టెలిఫోను పెట్టుకొని, వచ్చినవారిచే మాట్లాడించి, స్వల్పముగా రుసుము పుచ్చుకొనెడివాడు. పి.యం.-వాణియు అట్టిదే. టీకొట్టుగాని, మందులషాపుగాని, పాలకేంద్రముగాని వైఫై పెట్టుకొని పబ్లిక్ డేటా ఆఫీసుగా నడువవచ్చును. దీనికి లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు, ప్రభుత్వమునకు రుసుము లేదు. ఇట్టి కొట్లను కలిపి లెక్కలు చూచు సంస్థ మాత్రము టెలికాం శాఖ వద్ద నమోదు కావలెను.

ఇంత సులభమైనది ఎల్ల ఊళ్ళకు ఎందుకు వ్యాపింపలేదని మీరడుగవచ్చును. చిన్న కొట్టువానిని సాధారణ గృహ కనెక్షను తీసికొనుమనక, పెద్ద కంపెనీలు తీసికొను ఖరీదైన లైను తీసికొనుమనుట ఒక ముఖ్య కారణము. దానిని భరించి పది రూపాయలకు వైఫై అమ్ముట వానికెట్లు సాధ్యము? 2025 జూనులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఇట్టి కొట్లకిచ్చు 200 మెగాబిట్ల వరకు గల బ్రాడ్‌బ్యాండు కనెక్షనుకు, అదే వేగముగల గృహ కనెక్షను రుసుమునకు రెట్టింపు మించి వసూలు చేయరాదని ఉత్తర్వు చేసినది. మీ ఊరి దుకాణదారు ఈ సంగతి ఎరుగకపోవచ్చును. ఎరిగించువాడు వార్డు సభ్యుడే కావలెను.

పంచాయతీ స్వయముగా గ్రంథాలయము వద్దనో, బస్సు ఆగు చోటనో రోజుకు కొంతసేపు ఉచితముగా వైఫై ఇయ్యదలచినచో, ఆ నెలసరి వ్యయమును వార్షిక ప్రణాళిక వ్రాయునపుడే గ్రామసభ ముందు పెట్టుడు. మా చావడి రేడియో పాఠమిదే. పెట్టె వచ్చిన నాడే బ్యాటరీకి పద్దు వ్రాయవలెను.

నిలిచిన ఉచితము, నిలువని ఉచితము

దాతను బట్టి ఉచితము స్వభావము మారునని చెప్పుటకు మన కనుల ముందు జరిగిన రెండు సంగతులు చెప్పెదను.

2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషనుతో మొదలుపెట్టి, రైల్వేవారి రైల్‌టెల్ సంస్థయు, గూగుల్ కంపెనీయు కలిసి రైలు స్టేషన్లలో ఉచిత వైఫై నెలకొల్పిరి. స్టేషనులోని కూలీలు సైతము దానితో పోటీ పరీక్షలకు చదువుకొనిరని పత్రికలు వ్రాసినవి. 2020లో గూగుల్ ఈ కార్యమునుండి తప్పుకొన్నది. అయినను వైఫై ఆగిపోలేదు. ఏలయన తీగ రైల్‌టెల్‌ది, అనగా ప్రజలది. ఆ సంస్థ దానిని వేలకొలది స్టేషన్లకు విస్తరించి, రోజుకు మొదటి అరగంట ఉచితముగను, ఆపైన స్వల్ప రుసుముతోను నడిపినది. దాత వెడలిపోయినను మన చేతిలో తీగ మిగిలినది.

రెండవ సంగతి. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ కంపెనీ ఒక టెలిఫోను కంపెనీతో కలిసి ఆరు రాష్ట్రములలో ఉచిత అంతర్జాలమును ప్రారంభించినది. వానిలో ఆంధ్రప్రదేశము, తెలంగాణము కూడ ఉన్నవి. తరువాత దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు పెట్టిరి. డేటా సొమ్ము చెల్లించనక్కరలేదు. కాని ఆ కంపెనీ అంగీకరించిన కొన్ని సైట్లు మాత్రమే కనిపించును. ఊరిలోని అన్ని బావులను మూసి, ఒక్క బావికి ఉచితముగా చేద నిచ్చినట్లు. పేదవానికి ఏమియు లేకుండుట కంటె కొంతయైన మేలు గదా యని కొందరు వాదించిరి. ఏది చూడవలెనో నిర్ణయించు అధికారము ఒక వర్తకుని చేతికి పోరాదని మరికొందరు వాదించిరి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఇట్టి భేదభావముగల ధరలను నిషేధించినది; ఆ సేవ మన దేశములో ఆగినది. వాదములో ఎవరి పక్షమైనను, రేపు ఎవరైన మీ ఊరికి ఉచిత కనెక్షను ఇత్తుమని వచ్చినచో, "దానిలో అన్నియు కనిపించునా, మీరు చూపదలచినవి మాత్రమే కనిపించునా?" అని మాత్రము తప్పక అడుగుడు.

ఊరి పేర ఒక పుట: నేను చేసిన తప్పు

ఇక యువ సర్పంచిగారి ప్రశ్నకు వచ్చెదను. దీనికి జవాబు చెప్పుటకు ముందు నా అనుభవమొకటి విన్నవించెదను. అందు నా తప్పును కలదు.

నేను విస్తరణాధికారిగా నున్న కాలమున మా మండలములోని ఒక గ్రామములో డిగ్రీ చదువు కుర్రవాడొకడు ఊరి పేర ఉచిత బ్లాగు నొకటి ప్రారంభించినాడు. చురుకైనవాడు. గ్రామసభ తీర్మానములు, నీటిసరఫరా వేళలు, పశువైద్యుడు వచ్చు దినములు అందులో వ్రాసెడివాడు. అన్నిటికంటె విలువైనది మరొకటి కలదు. ఆ ఊరి చెరువుకు ఏబది ఏండ్లు నీరుకట్టు పనిచేసిన వృద్ధుడొకడుండెడివాడు. ఏ తూము క్రింద ఎన్ని ఎకరములు, నీరు తక్కువైన ఏట ఏ వీధివారి వంతు ముందు, దిగువ మాలపల్లె చేలకు ఏ రాత్రి నీరు వదలవలెను, ఇవన్నియు ఆయన నోటనే యుండెడివి. ఈ కుర్రవాడు నాలుగు సాయంకాలములు ఆయన వద్ద కూర్చుండి, అంతయు వ్రాసి, తూముల చిత్రములతో సహా ఆ బ్లాగులో పెట్టినాడు. దాని ప్రారంభసభకు నన్ను పిలిచిరి. నేను ప్రశంసించి మాటలాడితిని. ఖాతా ఎవరి పేర నున్నదని మాత్రము అడుగలేదు.

ఖాతా ఆ కుర్రవాని సొంత ఈ-మెయిలు పేర, సొంత ఫోను నంబరు పేర నుండెను. అతడు ఉద్యోగమునకై దూరదేశము వెళ్ళినాడు. ఫోను నంబరు మారినది. కొన్నాళ్ళకు పాస్‌వర్డు అతనికే గుర్తులేదు. పుట కనిపించెడిది గాని దిద్దుటకు వీలులేదు. బదిలీయైన కార్యదర్శి నంబరునే చూచి, జనులు ఆయనకు ఫోను చేయుచుండిరి. మరి కొంతకాలమునకు ఆ పుటయే కనిపించలేదు. ఈలోగా ఆ వృద్ధుడు కాలధర్మము నొందెను.

తరువాత ఒక కరవు ఏట తూముల వంతులపై ఎగువ, దిగువ రైతుల మధ్య తగవు వచ్చినది. "తాత చెప్పినదంతా రాసిపెట్టారు గదా, తీయండి" అని దిగువ చేలవారు అడిగిరి. తీయుటకేమియు లేదు. కాగితముపై ప్రతి లేదు. పంచాయతీ కంప్యూటరులో ప్రతి లేదు. ఆ తగవులో చివరకు బలవంతుల మాటయే చెల్లినది. ఆ ఏడు దిగువ చేలు ఎండినవి. నాటి ప్రారంభసభలో నేను ఒక్క ప్రశ్న అడిగియున్నచో, ఆ పేద రైతుల చేతిలో ఒక ఆధారముండెడిది. అందుచేతనే ఈనాడు మీకింత విపులముగా చెప్పుచున్నాను.

ఉచిత స్థలములు మూడు విధములు

వ్రాసికొనుటకు అంతర్జాలములో దొరకు ఉచిత స్థలములు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది వర్తకుడిచ్చు స్థలము. బ్లాగర్ అను సేవ 1999లో పుట్టినది. 2003లో గూగుల్ దానిని కొన్నది. వర్డ్‌ప్రెస్.కామ్ 2005లో వచ్చినది. ఇవి నమ్మదగని సేవలు కావు. వేలమంది తెలుగువారు ఇందులోనే వ్రాసిరి. సాధారణ సెల్‌ఫోనుతో గంటసేపటిలో బ్లాగును తెరువవచ్చును. వర్తకునికి ప్రయోజనమేమి? వర్డ్‌ప్రెస్.కామ్ ఉచిత పుటలపై ప్రకటనలు వేయును. ఎక్కువ సౌకర్యములు కావలెనన్నచో సొమ్మడుగును. గూగులునకు తన సేవలలో జనము నిలిచియుండుటయే లాభము. అయితే నియమములు వారివి. రెండేండ్లపాటు ఎవరును వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించు పద్ధతిని గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలుపరచినది. సేవయే మూతపడుటయు కలదు. జియోసిటీస్ అను ఉచిత స్థలములో ప్రపంచమంతట లక్షలకొలది పుటలుండెడివి. దానిని కొన్న యాహూ కంపెనీ 2009 అక్టోబరులో మూసివేసినది. మన దేశమున ఎందరో వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. ప్రతి తీసికొనినవారికి వారి వ్రాత మిగిలినది, తీసికొననివారికి మిగులలేదు.

రెండవది పదిమంది శ్రమదానముతో నడుచు స్థలము. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. దానిపై ప్రకటనలుండవు, విరాళములతో నడుచును. ఉభయ రాష్ట్రముల గ్రామములను గూర్చి అందులో వేలకొలది వ్యాసములు కలవు. మీ ఊరి వ్యాసము బహుశః ఇప్పటికే యుండును, చూడుడు. తప్పులున్నచో ఆధారము చూపి దిద్దవచ్చును. కాని అది పంచాయతీ నోటీసు బోర్డు కాదు. పాలకవర్గము తన్ను తాను పొగడుకొను చోటును కాదు. జనాభా, విస్తీర్ణము, దేవాలయము, చెరువు వంటి స్థిరమైన సంగతులకే అది తగినది.

మూడవది ప్రభుత్వము నిలిపిన స్థలము. 2020 ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినోత్సవమునాడు, ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది. మీ పంచాయతీ ప్రణాళికయు, జమాఖర్చులును అందులో ఎవరైనను చూడవచ్చును. మేరీ పంచాయత్ అను సెల్‌ఫోను యాప్‌లోను ఈ వివరములు కనిపించును. 2024 అక్టోబరు నుండి గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనలను కూడ వీనిలో ఇచ్చుచున్నారు. సభ్యులలో ఎందరు తమ ఊరి పద్దును అందులో చూచిరో చేతులెత్తుడని ఇందాక అడిగినపుడు, ఈ సభలో లేచిన చేతులు మిక్కిలి తక్కువ. ఊరివారు మీకంటె ముందే చూచి ప్రశ్నించు దినము వచ్చుచున్నది.

నా సలహా ఏమన, లెక్కలకు ప్రభుత్వ స్థలము, ఊరి చరిత్రకు వికీపీడియా, దినదిన వార్తలకు ఉచిత బ్లాగు వాడుకొనుడు. అన్నిటికిని మూలప్రతి మాత్రము పంచాయతీ బీరువాలో నుండవలెను.

ఏమి వ్రాయవలెను, ఏమి వ్రాయరాదు

2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ విభాగము ప్రకారము, ఎవరును అడుగకముందే తన సమాచారమును తానుగా వెల్లడించుట ప్రతి ప్రభుత్వ సంస్థ విధి. పంచాయతీయు అట్టి సంస్థయే. ఆ సమాచారము స్థానిక భాషలో, జనులకు సులభముగా అందవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. నోటీసు బోర్డు, పత్రిక, చాటింపు, అంతర్జాలము అన్నియు అందుకు సాధనములే. కావున బ్లాగు వచ్చినదని నోటీసు బోర్డును, టముకును మానరాదు. సెల్‌ఫోను లేని ముసలమ్మకు టముకే వార్తాపత్రిక.

గ్రామసభ తేదీ, తీర్మానములు, పనుల అంచనాలు, చెల్లింపులు, ఉపాధి పనుల వివరములు, నీటివేళలు తప్పక వ్రాయుడు. తెలుగులోనే వ్రాయుడు. ముద్రణాలయములలో వాడు పాత అక్షరములతో కొట్టిన తెలుగు, అంతర్జాలములో పిచ్చిగీతలుగా కనిపించును. యూనికోడ్ పద్ధతిలో కొట్టినచో ఏ ఫోనులోనైనను చదువవచ్చును, వెదకవచ్చును. యూనికోడులో తెలుగునకు 1991 నుండియే స్థానము కలదు. నేటి సెల్‌ఫోనులలో తెలుగు కీబోర్డు ఉచితముగనే లభించును. కాగితమును ఫొటోతీసి పెట్టి ఊరకుండకుడు. ఫొటోలోని పేరు వెదకిన దొరకుట కష్టము.

వ్రాయరానివియు కలవు. ఆధార్ నంబరును బహిరంగముగా ప్రకటింపరాదని 2016 నాటి ఆధార్ చట్టము శాసించుచున్నది. పింఛనుదారుల జాబితాతోపాటు వారి ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు పెట్టుట దొంగకు తాళపుచెవి నిచ్చుటయే. ఎవరి వ్యాధిని గూర్చిగాని, ఎవరి ఇంటి తగవును గూర్చిగాని, పిల్లల ఫొటోలుగాని పెట్టకుడు. ఉచిత వైఫైలో బ్యాంకు పనులు చేయవద్దనియు, ఓ.టి.పి. ఎవరికిని చెప్పవద్దనియు ఊరివారికి బోధించుడు. ఎవరైన మోసపోయినచో జాగుచేయక 1930 నంబరుకు ఫోను చేయవలెనని గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు.

ఒక తీర్మానము

ఈ తరగతుల నుండి మీరు ఇంటికి గొనిపోవుటకు ఒక తీర్మానపు ముసాయిదాను చదివెదను. మీ ఊరి పరిస్థితిని బట్టి మార్చుకొనుడు.

1. గ్రామ పుటకు సంబంధించిన ఖాతా పంచాయతీ పేర తెరచిన ఈ-మెయిలుతోను, పంచాయతీ ఫోను నంబరుతోను ఉండవలెను. ఏ వ్యక్తి సొంత నంబరుతోను ఉండరాదు.

2. పాస్‌వర్డును కార్యదర్శి, సర్పంచి ఇరువురు ఎరిగి యుండవలెను. దానిని వ్రాసి, సీలు వేసిన కవరులో బీరువాయందుంచి, బదిలీ అయినపుడును, ఎన్నికల తరువాతను ఇతర దస్తావేజులతోపాటు అప్పగించి, క్రొత్తవారు దానిని మార్చవలెను.

3. నెలకొకసారి పుటలోని వ్రాతనంతయు దింపి, పంచాయతీ కంప్యూటరులోను, వేరొక పరికరములోను ప్రతి ఉంచవలెను. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండింటిలోను ఇట్లు దింపుకొను వసతి కలదు. ముఖ్యమైన వానిని కాగితముపై అచ్చుతీసి ఫైలు చేయవలెను.

4. పుటను చూచు బాధ్యత చదువుకొన్న యువతికో యువకునికో అప్పగించినను, ప్రతి వ్రాతకు బాధ్యుడైన సభ్యుడొకడు ఉండవలెను.

5. కనెక్షను, విద్యుత్తు, బ్యాటరీ వ్యయములకు ప్రతి ఏట పద్దు నిర్ణయించి, గ్రామసభకు నివేదింపవలెను.

వీనిలో దేనికిని పెద్ద వ్యయము లేదు. కావలసినది శ్రద్ధ మాత్రమే.

ముగింపు

మిత్రులారా! ప్రతి ఊరిలోను ఇప్పటికిని ఒక నీరుకట్టు తాతయో, మంత్రసాని అవ్వయో, పాత కరణము లెక్కలు చూచిన పెద్దమనిషియో యుందురు. భూముల హద్దులు, బావుల లోతులు, వరద వచ్చిన ఏట నీరు ఎంత ఎత్తున నిలిచినదియు వారికి తెలియును. మీ ఊరి చదువుకొన్న పిల్లలను వారి వద్దకు పంపుడు. వారి అనుమతితో వారి మాటలను వ్రాయించుడు. ఉచిత బ్లాగులో పెట్టుడు. పదిమంది చదివి సంతోషింతురు. కాని ఆ సాయంకాలమే ఒక ప్రతిని అచ్చుతీసి, గ్రామసభలో చదివి వినిపించి, తప్పులు దిద్దించి, మినిట్సు పుస్తకములో చేర్చుడు.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెను. నేను వెనుకటి ఊరిలో ఆ పని చేయింపలేకపోతిని. ఆ కరవు ఏట దిగువ చేలరైతులు పంచాయతీ మెట్లపై కూర్చుండి అడిగిన ప్రశ్నకు నా వద్ద సమాధానము లేకపోయెను. మీ ఊరివారు మిమ్ము అట్లడిగిన దినమున, బీరువా తెరచి కాగితము తీసి చేతికిచ్చుటకు మీకు వీలు కలుగవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.